కాలవకీ సముద్రానికీ మధ్య: క్యాంపర్ వ్యాన్‌లో నాలుగు రోజులు తిరగడం ఎలా

దీవి అనగానే నెల్లూరోళ్ళకి పులికాట్ గుర్తొస్తుంది. కానీ ఆ సరస్సులోని ఇరకం దీవికి భీములవారిపాళెం నుంచి పడవే దారి, బండి పోదు. పడుకోవడానికీ వండుకోవడానికీ వీలున్న వ్యాన్ ఒకటి తీసుకుని, పిల్లాజెల్లాతో నాలుగు రోజులు పొలాల మధ్య తిరగాలనుకునేవాళ్ళకి నేను చెప్పే చోటు వేరు. మైపాడు దగ్గర్నుంచి ఒంగోలు పక్కన కొత్తపట్నం దాకా, బకింగ్‌హామ్ కాలవకీ సముద్రానికీ మధ్యా చుట్టుపక్కలా ఉన్న ఇసక నేల అది. పడమట కాలవ, తూర్పున సముద్రం. పెన్నా, పైడేరు, మన్నేరు, మూసి లాంటి ఏళ్ళు వచ్చి దాన్ని అడ్డంగా కోసేస్తాయి. కాబట్టి ఒక్కో ముక్కా ఒక్కో దీవి కిందే లెక్క. వరి, వేరుశెనగ, జీడిమామిడి, సరుగుడు, ఉప్పుమడులు, రొయ్యల గుంటలు అన్నీ ఆ సన్నటి పట్టీలోనే ఉంటాయి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఏళ్ళ వల్ల ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి తీరం వెంబడి నేరుగా పోలేరు. ప్రతిసారీ హైవేకి రావాలి, మళ్ళీ లోపలికి పోవాలి. అన్ని బీచ్‌లూ చూసేద్దామని లెక్క వేసుకున్నవాళ్ళకి నాలుగు రోజులూ లారీల వెనకే గడిచిపోతాయి. రాత్రి బసకి మూడు చోట్లు పెట్టుకోండి, చాలు. ఇద్దరు ముసలివాళ్ళు కూడా వస్తుంటే రెండే పెట్టుకోండి.

ఎప్పుడు బయల్దేరాలి

డిసెంబరు ఆఖరు నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. మన వైపు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. నవంబరు అంటే తుఫాన్ల నెల. అప్పుడు తీరం మీద బండిలో పడుకునే ఆలోచనే పెట్టుకోవద్దు. జనవరిలో వెళ్ళినా ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్త వస్తే, ఒకటో నంబరే కదా అనుకోకుండా ప్రయాణం వాయిదా వేసుకోండి.

సంక్రాంతి వెళ్ళాక పెన్నా డెల్టాలో పైరు పచ్చగా కళ్ళకి నిండుగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతలు. ఉలవపాడు మామిడి మీద ఆశతో ఏప్రిల్, మే పెట్టుకుందామంటారు కొందరు. ఆ ఎండలో రేకు బండి లోపల అర్ధరాత్రి దాటినా చల్లబడదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి సముద్రంలో వేట నిషేధం, మంచి చేప కూడా కరువే. మామిడి కోసం ఒక పగలు కారులో పోయి గంప దించుకు రండి. ఈ ప్రయాణాన్ని దానికి ముడిపెట్టొద్దు.

బండి సంగతి

రెండు దారులున్నాయి. ఒకటి, మంచాలూ పొయ్యీ టాయిలెట్టూ అన్నీ అమర్చిన క్యారవాన్‌ని చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి చోట్ల నుంచి డ్రైవరుతో సహా అద్దెకు తీసుకోవడం. రెండోది, మారుతి ఈకో లాంటి చిన్న వ్యాన్‌నో టెంపో ట్రావెలర్‌నో తాత్కాలికంగా పడక బండి చేసుకోవడం. నా ఓటు రెండోదానికి. కాలవ మీద వంతెనలు కొన్ని ఇరుకు, ఊళ్ళలో సందులు ఇంకా ఇరుకు. ఏసీ బస్సంత క్యారవాన్ ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు అర కిలోమీటరు వెనక్కి పోవాలి. గడ్డి ట్రాక్టరు మాత్రం పోదు.

అద్దెకు తీసుకునేటప్పుడు నంబరు ప్లేటు చూడండి. డ్రైవరుతో వచ్చే అద్దె బండికి పసుపు ప్లేటు, మీరే నడుపుకునే అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండిని తెలిసినాయన అద్దెకిచ్చాడని తీసుకుంటే, జరగరానిది జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు. లైసెన్సు గురించి టెన్షన్ వద్దు. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో మొత్తం బరువు 7500 కిలోలు మించని బండి నడపొచ్చు. అద్దె బళ్ళ లాంటి ట్రాన్స్‌పోర్టు వాహనాలకీ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది.

సొంత బండిలో సీట్లు పీకేసి మంచం బిగించేద్దాం అనుకుంటే ఆగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు, మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కావాలి. సీట్లు అలాగే ఉంచి, వాటి ఎత్తుకి కాళ్ళు పెట్టిన ప్లైవుడ్ బల్ల చేయించుకోండి. రాత్రి పరవాలి, పొద్దున మడిచి పక్కకి పెట్టాలి. బల్ల కింద సామాను, పైన దూది పరుపు. ఫోమ్ కంటే దూది నయం, ఉక్కపోతకి వీపు తడవదు. మంచం కొలత కూడా వడ్రంగి మాట మీద వదలకుండా మీరే బండిలో పడుకుని కొలిపించండి.

బండి ఎత్తు, పైన కట్టిన సామానుతో సహా టేపు పెట్టి కొలిచి, అంకె పెద్దదిగా రాసి డ్రైవరు ఎదురుగా అతికించండి. హైవే నుంచి సముద్రం వైపు పోవాలంటే చాలాచోట్ల రైలు కట్ట దాటాలి. అండర్‌పాస్ ముందు పెట్టిన ఇనప కమ్మీ మీ బండి ఎంత ఎత్తో అడగదు. ఊళ్ళలోకి వచ్చాక వేలాడే సర్వీసు వైర్లు, అడ్డంగా పెరిగిన వేపకొమ్మలు చూసుకోవాలి.

కరెంటు, గ్యాసు, నీళ్ళు, ఆ పని

కరెంటు లెక్క తేలికే. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1200 వాట్ అవర్ల కరెంటు పడుతుంది. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా దెబ్బతింటుంది, కాబట్టి 600 అనుకోండి. 30 వాట్ల డీసీ ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 240. రెండు చిన్న ఎల్ఈడీ లైట్లకి 40, నాలుగు ఫోన్లకి 80. మొత్తం 360 దగ్గర ఆగుతుంది. ఫ్రిజ్ పెట్టారా, లెక్క తప్పుతుంది. ఏసీ సంగతి మర్చిపోండి. బ్యాటరీని బండి తిరిగేటప్పుడు ఛార్జయ్యేలా కలపడం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మధ్యలో ఫ్యూజు తప్పనిసరి.

గ్యాసుకి 5 కిలోల చిన్న సిలిండరు, ఒంటి పొయ్యి చాలు. ఇంట్లో వాడే 14.2 కిలోల బండ బండిలో ఎక్కించొద్దు. పొయ్యి ఎప్పుడూ బండి బయటే, గాలికి అట్టపెట్టె అడ్డం పెట్టుకుని. తలుపులు మూసి లోపల వెలిగిస్తే పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిగా ఉందని కుంపటి పెట్టుకోవడం కూడా అంతే. పడుకునే ముందు రెగ్యులేటర్ ఊడదీయండి.

నలుగురికి రోజుకి తాగడానికి పన్నెండు లీటర్లు, వంటకి ఎనిమిది, గిన్నెలకీ మొహాలకీ ఇంకో పాతిక వేసుకోండి. 20 లీటర్ల టిన్నులు రెండు తాగడానికి, ఒక 50 లీటర్ల డ్రమ్ము వాడకానికి. దానికి కుళాయి కింద ఉండాలి, పైనుంచి చెంబు ముంచితే సగం నీళ్ళు పరుపు మీదే. తాగే నీళ్ళ టిన్నులు దారిలో ఏ ఊళ్ళోనైనా ఆర్ఓ ప్లాంటు దగ్గర నింపుకోవచ్చు. తీరం ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పప్పు ఉడకదు. కాబట్టి వంటకి కూడా టిన్ను నీళ్ళే వాడండి.

ఇక ఆ పని. ఆడవాళ్ళు ఈ ప్రయాణానికి వద్దనేది దీనివల్లే, అది న్యాయమే. దీన్ని ముందే తేల్చకుండా బయల్దేరొద్దు. మూత బిగుతుగా పడే పోర్టబుల్ టాయిలెట్ ఒకటి కొనుక్కోండి, రాత్రి అవసరానికి. చుట్టూ జిప్పున్న చిన్న గుడారం ఉంటే స్నానానికీ పనికొస్తుంది. పొద్దున్న పనికి హైవే మీద పెట్రోలు బంకులో ఆగి, డీజిలు కొట్టించుకుని, మర్యాదగా తాళం అడగండి. పోర్టబుల్ టాయిలెట్ పెట్టె ఖాళీ చేసేది కూడా బంకు టాయిలెట్‌లోనే. కాలవలో, చేలో, సరుగుడు తోపులో వద్దు.

దారి

మొదటి రోజు నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు. దూరం పాతిక కిలోమీటర్ల లోపే. తొందరేం లేదు, దారిలో పల్లిపాడు వైపు తిరిగి పెన్నా ఒడ్డున పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం చూడండి. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి ప్రారంభించిన చోటు. లోపల చూసేది ఎక్కువ ఉండదు, చెట్ల నీడలో ఒక గంట కూర్చోడానికి మాత్రం అంత మంచి చోటు దొరకదు. మధ్యాహ్నం అన్నం అక్కడే కానిచ్చి ఎండ తగ్గాక మైపాడు చేరండి. ఆదివారం మాత్రం మైపాడులో బస పెట్టొద్దు, నెల్లూరంతా అక్కడే ఉంటుంది.

రెండో రోజు వెనక్కి నెల్లూరు వచ్చి, పెన్నా వంతెన దాటి కోవూరు, విడవలూరు మీదుగా అల్లూరు వైపు. ఇదే అసలైన వరి దారి. కోవూరు చుట్టుపక్కల రైసు మిల్లులు, లోపలికి వెళ్ళేకొద్దీ కంటికి ఆనినంత మేర మళ్ళు. రామతీర్థంలో శివాలయం చూసుకుని, ఇసకపల్లి వైపో కావలి దగ్గర తుమ్మలపెంట వైపో ఆ రాత్రికి ఆగండి.

మూడో రోజు కావలి దగ్గర హైవే ఎక్కి ఉలవపాడు. అక్కడ తోటలు చూసి సాయంత్రానికి సింగరాయకొండ మీదుగా పాకల. నాలుగో రోజు పాకల, ఊళ్ళపాలెం వైపు ఉప్పుమడులు చూసి ఒంగోలు పోవచ్చు, ఓపికుంటే కొత్తపట్నం కూడా. ఓపిక లేకపోతే సింగరాయకొండ నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని ఇంటిదారి పట్టండి. కొత్తపట్నం ఎక్కడికీ పోదు.

రాత్రి ఎక్కడ ఆపాలి

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. మన దగ్గర క్యాంపర్ వ్యాన్లకంటూ గేటు, కరెంటు ప్లగ్గు ఉన్న చోట్లు ఈ తీరంలో లేవు. ఊళ్ళోవాళ్ళ మాట మీదే ఆగాలి. అందుకే పొద్దు గుంకకముందే, నాలుగున్నరా అయిదింటికల్లా ఊరు చేరండి. చీకటి పడ్డాక తెలియని బండి వచ్చి ఆగితే ఎవరికైనా అనుమానమే.

తీరంలో చాలా ఊళ్ళు పట్టపుపాళేలు, అంటే చేపలు పట్టే పట్టపోళ్ళ పల్లెలు. అక్కడ కాపులు, అంటే కులపెద్దలు, చెప్పిన మాటకి విలువ. వాళ్ళు దురాయి పెట్టారంటే, అంటే కట్టుబాటు విధించారంటే, ఊరంతా కట్టుబడుతుంది. ముందు వాళ్ళని అడగండి. ఎవరు పెద్దో తెలుసుకోవడానికి టీ కొట్టు చాలు. బండి దూరంగా ఆపి, ఇంట్లో ఆడవాళ్ళు ఉంటే వాళ్ళతో కలిసి నడుచుకుంటూ వెళ్ళండి. సంసారులని తెలిస్తే సగం పని అయినట్టే.

"యాడ నుంచి అబ్బయా?"

"నెల్లూరన్నా. పిల్లోళ్ళతో వచ్చినాం. ఈ రాత్రికి బండి ఈడ పెట్టుకోవచ్చా? తెల్లారి పోతాం."

"మందు గిందు ఏం లేదు గదా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. వారాంతాల్లో టౌన్ల నుంచి వచ్చి సీసాలు పగలగొట్టి పోయేవాళ్ళతో విసిగిపోయి ఉన్నారు. లేదంటే లేదని చెప్పండి, చెప్పిన మాట మీద ఉండండి. డబ్బు ఇవ్వబోతే చాలామంది తీసుకోరు. గుడి హుండీలో వేయండి, లేదా పొద్దున చేప వాళ్ళ దగ్గరే కొనండి, బేరం ఆడకుండా.

తుఫాను షెల్టరు ఆవరణ, బడి ప్రహరీ పక్క, గుడి ముందు మైదానం లాంటివి మంచి చోట్లు. నేల గట్టిగా ఉంటుంది, లైటు ఉంటుంది, పక్కన మనుషులుంటారు. ఒడ్డున వలలు ఆరబెట్టే చోటు, పడవలు లాగే దారి వదిలేయండి. తెల్లవారుజామున మూడింటికే వాళ్ళకి పని మొదలవుతుంది. కొబ్బరి చెట్టు కింద, ఎండు మట్టలు వేలాడే తాటిచెట్టు కింద బండి పెట్టొద్దు. సరుగుడు తోపు నీడ బాగుంటుంది గానీ కింద ఎండాకు మందంగా పరుచుకుని ఉంటుంది. నిప్పురవ్వ పడితే ఆర్పలేరు. అక్కడ పొయ్యి, సిగరెట్టు రెండూ వద్దు.

రొయ్యల గుంటల పక్కన కూడా వద్దు. నీళ్ళు తిప్పే ఏరేటర్లు రాత్రంతా మోగుతూనే ఉంటాయి, దోమలు సరేసరి. అంతకంటే ముఖ్యం, గుంటల కాపలావాళ్ళకి దొంగల భయం ఉంటుంది. రైతుకి వైరస్ భయం. ఒక గుంట బురద చెప్పులకంటుకుని ఇంకో గుంటకి తెల్లమచ్చ తెగులు చేరితే లక్షలు పోతాయి. ఎంత ముచ్చటగా ఉన్నా పిలవకుండా కట్ట ఎక్కొద్దు.

బండి ఆపాక నేల మట్టం చూసుకోవాలి. సగం నీళ్ళున్న సీసాని లోపల పడుకోబెడితే ఎటు వాలుందో తెలుస్తుంది. ఎత్తున్న వైపు తల పెట్టుకోండి. ఏటవాలు ఎక్కువైతే ఒక టైరు కింద చెక్క వేయండి. పక్క తలుపు గాలి వచ్చే వైపు ఉంచి, కిటికీలకి వెల్క్రోతో అతికించే దోమతెర కట్టండి. తెర లేకుండా అద్దం దించడం కంటే నిద్ర మానేయడం మేలు. బండి ముక్కు రోడ్డు వైపు ఉండాలి, డ్రైవరు సీటు మీద సామాను పెట్టకూడదు, తాళం ఎక్కడుందో ఇద్దరికి తెలియాలి. ఏ అర్ధరాత్రో కదలాల్సి వస్తే వెతుక్కునే పని ఉండదు. అవసరమైతే 112.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. సముద్రం వైపు హెడ్‌లైట్లు, టార్చీలు కొట్టొద్దు. కనిపిస్తే దూరంగా నిలబడండి, ఫ్లాష్ పెట్టి ఫొటో తీయొద్దు.

ఇసకలో దిగబడకుండా

తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపి దిగి నడవండి. మడమ దిగబడుతుంటే బండి దిగబడుతుంది, అంతే. జీపులు పోయిన జాడ చూసి మోసపోవద్దు, వాటి నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది. ఒకవేళ చక్రం గిర్రున తిరిగి బండి కదలకపోతే యాక్సిలరేటర్ మీద నుంచి వెంటనే కాలు తీసేయండి. తొక్కేకొద్దీ గొయ్యి పెరుగుతుంది. అందర్నీ దించి, చక్రం ముందు ఇసక పారతో తీసి, గోనెసంచి పరిచి, టైర్లలో గాలి 18, 20 పాయింట్ల దాకా తగ్గించి, రెండో గేరులో మెల్లగా లాగండి. గట్టి నేల మీదకి వచ్చాక మళ్ళీ గాలి నింపకుండా వేగంగా పోకూడదు, కాబట్టి 12 వోల్టుల గాలి పంపు వెంట ఉండాలి. పార, రెండు గోనెసంచులు, తాడు కూడా. ఇవేవీ పనిచేయకపోతే ట్రాక్టరు ఉండనే ఉంది. ఆ ఖర్చు చేతిలో పెట్టుకోండి.

పొలం దగ్గర

ఈ ఇసకలో చూడాల్సింది దొరువు. నాలుగైదు అడుగుల లోతు గొయ్యి తవ్వుతారు, అందులో తియ్యటి నీళ్ళు ఊరతాయి. కూతవేటు దూరంలో సముద్రం ఉండగా మంచినీళ్ళెలా అంటే, వాన నీళ్ళు ఇసకలో ఇంకి, బరువైన ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. పైపైన తోడుకుంటే ఎన్నాళ్ళైనా తియ్యగానే ఉంటాయి. లోతుగా బోరు వేసి లాగితే కింద ఉన్న ఉప్పు పైకొస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్తే చూడొచ్చు. రైతు రెండు చేతులా రెండు కడవలు పట్టుకుని దొరువులోకి నాలుగడుగులు దిగి, రెండూ ఒకేసారి ముంచి, మడి వెంట నడుస్తూ అడుగు కూడా తడబడకుండా ఆకుకూర మీద వాన చినుకుల్లా నీళ్ళు చల్లుతాడు. కడవ ఖాళీ అయ్యే చోటికి మడి అయిపోతుంది. మళ్ళీ దొరువు. తోట తడిసేదాకా అదే నడక. పిల్లలు తామూ మోస్తామంటారు, చిన్న బిందె అడిగి ఒకసారి మోయనివ్వండి.

ఆ నీళ్ళు అడిగి తీసుకోండి, మీ సబ్బు బకెట్టు మాత్రం అందులో ముంచొద్దు. స్నానం, బట్టలు దొరువుకి దూరంగా. పక్కన రొయ్యల గుంటలు వచ్చాక ఉప్పెక్కిపోయిన దొరువులు చాలా ఉన్నాయి. మిగిలినవాటిని వాళ్ళు ప్రాణంలా చూసుకుంటారు.

మార్చి దాటి వెళ్తే ఇంకో జాగ్రత్త. కోతలయ్యాక రైతులు వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు, అంచుల్లో రాళ్ళు పెడతారు. రోడ్డు సగమే మిగులుతుంది. ఆ వడ్ల మీద చక్రం ఎక్కించొద్దు, రాళ్ళు తీసి పక్కన పడేయొద్దు. రాత్రి ఆ దారుల్లో తిరగనే తిరగొద్దు, రాయి కనపడేసరికి టైరు ఎక్కేసి ఉంటుంది. ఆగి పలకరిస్తే పుట్టి ఎంత పలుకుతోందో వాళ్ళే చెబుతారు. బయటి ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి మీరు ముందే చెప్పాలి, నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలని. నెల్లూరు పాత వరి రకం మొలగొలుకుల బియ్యం సంగతి ఎత్తారా, పెద్దవాళ్ళు మిమ్మల్ని అంత తొందరగా పోనివ్వరు.

గొర్రెల మంద ఎదురైతే ఇంజను ఆపేసి కూర్చోండి. మన నెల్లూరు గొర్రెలు పొడుగు కాళ్ళవి, హారన్ కొడితే చెల్లాచెదురై చేలో పడతాయి. కాపరికి మందని మళ్ళీ కూడగట్టడానికి అరగంట పడుతుంది, ఆ అరగంటా మీరు తిట్లు వినాలి.

ఉలవపాడులో జనవరి, ఫిబ్రవరి నెలల్లో మామిడి పూత మీద ఉంటుంది. పూతకి పురుగు పట్టకుండా మందు కొడతారు. నీడగా ఉంది కదా అని తోటలో బండి పెట్టి వంట మొదలుపెట్టొద్దు. మందు ఎప్పుడు కొట్టారో అడిగి, ఈమధ్యే అంటే బయటికి వచ్చేయండి. ఆ రోజుల్లో సపోటా దొరుకుతుంది. మెత్తబడినవి కాకుండా గట్టివి తీసుకుని బియ్యం సంచిలో పెట్టుకుంటే ఇల్లు చేరేసరికి పండుతాయి.

తిండి

పొద్దున టిఫిన్ వండుకోవద్దు, ఊళ్ళో కొట్లో దోశ తినండి. నెల్లూరు కారం దోశ పుట్టిన చోట బండిలో ఉప్మా కలుపుకోవడం ఏం ఖర్మ. మధ్యాహ్నానికి ఒక అన్నం, ఒక పులుసు. చింతపండు ఇంట్లోనే నానబెట్టి రసం తీసి, ఉడికించి సీసాలో పోసుకుని, కారం, ధనియాల పొడి, మెంతిపొడి కలిపి డబ్బాలో పెట్టుకుపోతే చేపల పులుసు అరగంట పని. చేప శుభ్రం చేయడం మాత్రం అమ్మినావిడతోనే చేయించుకోండి. కోసిన వ్యర్థాలు బండి దగ్గరికి తెచ్చుకుంటే కుక్కలు రాత్రంతా కాపలా ఉంటాయి. పొద్దున ఒడ్డు మీద నుంచే జనం కలిసి లాగే పెద్ద వల, అలివి వల లాగేటప్పుడు వెళ్తే తాజా చేప చేతికే వస్తుంది. మగవాళ్ళు వల లాగడంలో ఒక చెయ్యి వేయొచ్చు, ఎవరూ వద్దనరు. పులుసు రాత్రికి పెట్టుకుని మర్నాడు పొద్దున తింటే ఇంకా రుచి, అది మీకు తెలిసిందే. బండి లోపల మాత్రం చేప వేయించొద్దు. పరుపుకి పట్టిన ఆ వాసన ఉగాదికి కూడా పోదు.

పాలు, పెరుగు నిలవకి థర్మాకోల్ పెట్టె చాలు, తీరం ఊళ్ళలో ఐసు దొరుకుతుంది. అది చేపల ఐసు. చుట్టూ పరుచుకోవడానికే, మజ్జిగలో వేసుకోవడానికి కాదు. చెత్తంతా ఒక సంచిలో కట్టుకుని తిరిగి టౌనుకి తెచ్చేయండి.

నీళ్ళలో దిగేముందు

ఈ తీరంలో సముద్రం చూడ్డానికి మెత్తగా ఉంటుంది, మోకాటి లోతు దాటగానే కాలి కింద ఇసక లాగేస్తుంది. ఏరు సముద్రంలో కలిసే చోట అసలు దిగొద్దు. స్థానికులు ఎక్కడ స్నానం చేస్తారో అక్కడే, అదీ పగలే, పిల్లల చెయ్యి వదలకుండా. ఉప్పుమడుల్లో కూడా గట్ల మీదే నడవండి. మడిలో కాలు పెడితే తేరిన ఉప్పు బురదవుతుంది, అది వాళ్ళ కూలి.

ఇంటికొచ్చాక

ఆ రోజే కాకపోయినా మర్నాడైనా బండిని వాటర్ సర్వీసింగుకి తీసుకెళ్ళండి. పైన తళతళలాడేలా కడిగి పంపించేస్తారు. లిఫ్టు ఎక్కించి కింద ఛాసిస్, చక్రాల లోపలి వైపు, సైలెన్సరు దగ్గర మంచినీళ్ళతో కొట్టమని అడగండి, పక్కన నిలబడండి. ఉప్పు గాలి, తడి ఇసక పట్టుకున్న రేకుని వదిలేస్తే తుప్పు మొదలవుతుంది. తలుపుల రబ్బరు అంచుల కింద చేరిన ఇసక బ్రష్‌తో తీయండి. నీళ్ళ డ్రమ్ము బోర్లించి, టాయిలెట్ పెట్టె బ్లీచింగుతో కడిగి, మూత తీసి ఎండలో పెట్టండి. టైర్ల గాలి చూపించి, సిలిండరు ఇంట్లోకి తేకుండా గాలాడే వసారాలో నిలబెట్టండి.